రంగు మారలేదని రాసిన పుటలు

నా మూడవ రిజిస్టరులో నలభై ఒకటవ పుట మొదలు యాభై రెండవ పుట వరకు పదకొండు కుండల నమోదుల కింద "రంగు మారలేదు" అనే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చేతిరాత నాది. కింద పెట్టిన పొట్టి సంతకం నాది. మాట మాత్రం అబద్ధం. అబద్ధమని తెలిసి నేను రాయలేదు. తెలియనివ్వకుండా నా చేత రాయించారు. ఈ తేడా నాకు చాలా ముఖ్యమైనదని, నా చుట్టూ ఉన్నవారిలో ఎవరికీ అంత ముఖ్యం కాదని ఈ ఏడాదిలో తెలుసుకున్నాను. కోపంలో చెబితే వరుస తప్పుతుంది కాబట్టి, జరిగినదాన్ని జరిగిన క్రమంలోనే ఇక్కడ పెడుతున్నాను.

మాది కుండలు చేసే ఇల్లు. నాన్నతో ఆ పని ఆగిపోయింది. నేను తమిళనాడులోని హోసూరులో ఒక కర్మాగారంలో, ఉక్కు భాగాలను ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచి గట్టిపరిచే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఏ భాగం ఎంత వేడెక్కింది, ఎన్ని క్షణాలకు మునిగింది, ఎంత గట్టిపడింది అన్నది ప్రతి షిఫ్టులోనూ రాయడం నా ఉద్యోగం. రిటైరైన తరువాత కూడా రాయడం మానలేకపోయాను.

నా స్నేహితుడు అదే కర్మాగారంలో పెయింటు విభాగంలో ఉండేవాడు. ముప్పై ఏళ్లు ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో వెళ్లాము. ఇంటి నుండి తెచ్చిన కూర ఎవరిది బాగుంటే ఇద్దరం దాన్నే ముందు ఖాళీ చేసేవాళ్లం. అతనికి గురుబరపల్లి దగ్గర చిన్న మామిడితోట, అందులో రేకుల షెడ్డు ఉన్నాయి. రిటైరయ్యాక అతను అక్కడికి వెళ్లిపోయాడు. నేను హోసూరులోనే ఉండిపోయాను.

కుండలు కాల్చే రాకు అనే జపాను పద్ధతిని నేను బెంగళూరులో ఒక మట్టిపని గురువు దగ్గర పది రోజులు నేర్చుకున్నాను. మొదటి రోజు చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. మా నాన్న కుండలు పేర్చిన ఆము కాల్చిన తరువాత ఒక పగలూ ఒక రాత్రీ దాని దరిదాపులకు ఎవరినీ రానిచ్చేవాడు కాదు. గాలి సోకితే కుండ పగులుతుందని ఆము నోటికి తడిమట్టి మెత్తేవాడు. ఇక్కడేమో బట్టీ మండుతుండగానే మూత తీస్తారు. నిప్పుకణికలా వెలిగే కుండను పొడవాటి పట్టకారుతో బయటి గాలిలోకి ఎత్తుతారు. క్షణాల్లో దాన్ని రంపపు పొట్టు నింపిన డబ్బాలో దించి మూత బిగిస్తారు. నాన్న చూసి ఉంటే పట్టకారు లాక్కుని నా వీపు మీదే ఒకటి వేసేవాడు.

కానీ ఆ తొందరలోనే ఈ పద్ధతి గుట్టు ఉంది. డబ్బాలోని పొట్టు భగ్గుమని అంటుకుంటుంది. మూత పడగానే మంటకు గాలి అందదు. గాలి అందని మంట కుండ మీది పూతలోంచే ప్రాణవాయువును లాక్కుంటుంది. గ్లేజు అని అందరూ పిలిచే ఆ గాజు పూతలో రాగి ఉంటే, అప్పటిదాకా పచ్చగా ఉన్నది కొత్త రాగి బిందె రంగులోకి తిరుగుతుంది. అంచుల్లో నెమలికంఠం నీలం, మధ్యలో ఊదా, కొన్నిచోట్ల పండిన మిరప ఎరుపు. తెల్లని పూత వేసిన కుండ అయితే వేరే వింత. గాలి తగలగానే ఆ తెలుపు సన్నగా బీటలు తీస్తుంది. చెవి దగ్గర పెట్టి వింటే టిక్కు టిక్కుమని వినబడుతుంది. ఆ బీటల్లోకి పొగ దిగి నల్లటి గీతల వల మిగులుతుంది. పూత లేని మట్టి భాగం మసిబొగ్గు నలుపు తేలుతుంది. ఒకే పూత, ఒకే బట్టీ అయినా ఏ రెండు కుండలూ ఒకేలా రావు. నాలాంటివాడికి ఇది ఆనందమూ, అవమానమూ కూడా.

పాత నూనె డ్రమ్ము లోపల వేడిని ఆపే, మంటకు కాలని దూదిలాంటి తెల్లని పరుపు పరిచి, కింద గ్యాసు మంట పెట్టి, స్నేహితుడి షెడ్డు ముందు బట్టీ కట్టాము. ఆదివారాలు ఉదయం నేను బస్సులో వెళ్లేవాణ్ణి. పట్టకారు నాది, మూత అతనిది. ఒకరు ఎత్తితే ఇంకొకరు మూయాలి. ఒంటరిగా చేసే పని కాదు. నేను రిజిస్టరు తెరిచి కూర్చోగానే అతను మొదలుపెట్టేవాడు.

"ఏమి రిజిస్టరప్పా, ఈ పొద్దు ఎన్ని పేజీలు? కుండ పుట్టినప్పుడు నక్షత్రం కూడా రాసుకో. జాతకం చెప్పేదానికి పనికొస్తాది."

"నువ్వు మూత సరిగ్గా మూయప్పా, చాలు. పోయిన వారం మూడు సెకన్లు లేటు."

"మూడు సెకన్లు! పెండ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా ఇంత లెక్క చూసిండవు నువ్వు."

ఆ ఎగతాళి నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు ఆ పుటలు తిప్పుతుంటే ఆ నవ్వే నన్ను ఎక్కువగా మండిస్తోంది.

మొదటి ఏడాది మాకు తగిలిన చిక్కు ఒక్కటే. రాగి రంగు నిలిచేది కాదు. డబ్బాలోంచి తీసిన రోజు కళ్లు చెదిరే కుండ, మూడు నెలలు తిరిగేసరికి వెలిసిపోయి, పాత ఇత్తడి గుండిగ మీద పట్టిన కిలుము రంగుకు దిగజారేది. మంట లాక్కున్న ప్రాణవాయువును పూత గాలిలోంచి మెల్లగా వెనక్కి తీసుకుంటుంది, అంతే. గురువు కూడా అది సహజమనే చెప్పాడు. నాకు ఆ జవాబు సరిపోలేదు. ఎర్రటి ఉక్కును సరైన క్షణంలో ముంచి దాని గుణాన్ని ఎప్పటికీ కదలకుండా కట్టిపడేసే పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. రాగి రంగును కూడా అలాగే కట్టిపడేయవచ్చని నమ్మాను. పొట్టుకు బదులు ఎండు మామిడాకులు వాడాను. మూత తీసే సమయాన్ని మార్చాను. తీసిన వెంటనే తడిగుడ్డతో అద్దడం, నీళ్లు చిలకరించడం, మొత్తంగా ముంచడం, ఒక్కొక్కటీ విడివిడిగా చేసి చూశాను. కుండలు అతని వరండాలో చెక్క అలమారలో ఉండేవి. నెలకొకసారి అదే వెలుతురులో చూసి రంగు రాసేవాణ్ణి.

రెండవ ఏడాది ఒక ఆదివారం, మూడు నెలలు దాటిన ఒక కుండ ఎర్రగా అలాగే ఉంది. నాలుగు నెలలకూ అలాగే ఉంది. తరువాతిదీ, దాని తరువాతిదీ అంతే. మామిడాకుల పొగ, డబ్బా తెరిచిన వెంటనే చల్లటి నీళ్లలో ముంచడం; ఈ రెండూ కలిస్తే రంగు నిలుస్తోందని తేల్చుకున్నాను. ఒక విషయం మాత్రం గమనించి రాసిపెట్టాను: "మెరుపు కొంచెం పెరిగినట్టుంది." దానికి కారణం కూడా రాశాను. మామిడాకుల్లోని జిడ్డు ఆవిరై పూత మీద పట్టి ఉంటుందని. చూసిన మాట నిజం, చెప్పుకున్న కారణం నా గర్వం. ఆ వాక్యం కింద ఇప్పుడు ఎర్రగీత ఉంది.

ఆ కుండలు చేసి ఇచ్చేది బర్గూరు వైపు ఊళ్లో ఉన్న మా చిన్నాన్న కూతురు. వరసకు చెల్లెలు. మా వంశంలో చక్రం ముందు కూర్చునేది ఇప్పుడు ఆమె ఒక్కతే. మిగిలిన ఇళ్లవాళ్లందరూ గ్రానైటు పనికీ కంపెనీలకూ పోయారు. హఠాత్తుగా వేడీ చలవా తట్టుకునేలా మట్టిలో సన్న ఇసుక కలిపే పాళం ఆమెకు చేతితోనే తెలుసు. ఒక ఆదివారం తోటకు వచ్చి, నా పదకొండు కుండలు చూసి ఆమె ఒక ప్రశ్న అడిగింది.

"అన్నా, ఈ రంగు నిలస్తాదా? కృష్ణగిరిలో ఒక అంగడాయన దీపం పెట్టే కుండలు ఇట్లాటివి అరవై అడగతా ఉండాడు. కార్తీకానికి ప్రమిదలు చేసేది ఈసారి వదిలేసి ఇవే చేస్తామని ఉంది. రంగు పోయిందంటే రెండూ పోతాయి నాకు."

నేను రిజిస్టరు తెరిచి ఒక్కొక్క పుటా చదివి వినిపించాను. "ఎనిమిది నెలలు చూసినానమ్మా. నిలస్తాది. నాది గ్యారంటీ" అన్నాను. నా స్నేహితుడు అక్కడే ఉన్నాడు. మామిడికాయ కోస్తున్నాడు. ఒక ముక్కకు ఉప్పూకారం అద్ది ఆమెకు అందించాడు. ఏమీ అనలేదు.

ఆ మౌనాన్ని నేను క్షమించలేను. అంతకుముందు చేసినదాన్ని ఏదో విధంగా క్షమించగలనేమో.

ఆమె ప్రమిదల పని మానేసింది. చక్రం మీద ముప్పై దీపపు కుండలు చేసి ఆరబెట్టింది. నమూనాకని నా పదకొండింటిలో ఒకటి తీసుకెళ్లి, దాంట్లో నూనె దీపం పెట్టి ఒక సాయంత్రమంతా వెలిగించి చూసింది. మరునాడు పొద్దున్నే బర్గూరు నుండి రెండు బస్సులు మారి, కుండను తుండుగుడ్డలో చుట్టుకుని హోసూరులో మా ఇంటికి వచ్చింది.

"అన్నా, ఇది పొట్టు లేస్తాంది. మంట తగిలిన తావులో అంతా బుడగలు. పెయింటు వాసన వస్తాంది."

"పెయింటు వాసన యాడనుంచి వస్తాదమ్మా? అది గాజు. తొమ్మిది వందల డిగ్రీల పైన కరిగిన గాజు. దీపం మంటకు ఏమైతాది?"

"నాకు డిగ్రీలు తెలీదు. ముక్కు ఉండాది కదా. నువ్వే చూడు."

చూశాను. లోపలి అంచున పసుపు తిరిగిన పల్చటి పొర, పాలమీగడలా ముడతలు పడి లేచింది. గోటితో లాగితే వచ్చింది. గాజు గోటికి రాదు. ఇంట్లో ఉన్న, పెయింటు కరిగించే థిన్నరు సీసా తీసి, దూదితో వెలుపలి భాగం రుద్దాను. దూదికి జిగురు అంటింది. రుద్దిన చోట మెరుపు పోయి, దాని కింద అసలు రాగి పూత పొడిగా కనిపించింది. మంటకు పొర లేచిన చోట ఎరుపు అప్పుడే వన్నె తగ్గింది. ఆ మధ్యాహ్నమే ఆమెతో కలిసి గురుబరపల్లికి బస్సెక్కాను. 

అతను వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను పలకరించకుండా అలమారలోని పది కుండలనూ దించి, ఒక్కొక్కదాని అడుగున థిన్నరులో తడిపిన దూదితో రుద్దాను. పదీ జిగటే. పదవ దూది నేల మీద పెట్టేసరికి అతను పేపరు మడిచాడు.

"ఏమి కొట్టినావప్పా దీనికి?" అన్నాను.

"క్లియర్ కోటు. రంగు లేని పెయింటు, స్ప్రే డబ్బా. బండ్లకు కొట్టేది." పేపరును పక్కన పెట్టాడు. "రెండు కోట్లు. పల్చగానే."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచి అంటే... నువ్వు ఒక ఆదివారం వచ్చి, కుండ రంగు పోయిందని గోడకు తిరిగి కూచున్నావు చూడు. అన్నం కూడా తినలా. నాకు తెలిసిన పని అది ఒకటే కదప్పా. మొగం చూడలేక కొట్టినాను."

"ఒకటికి కొట్టినావు సరే. పదకొండుకు ఎందుకు కొట్టినావు?"

"మొదటిది చూసి నువ్వు అంత సంతోషపడితివి. రెండోది వెలిస్తే ఏమి చెప్పేది? అందుకని అన్నిటికీ."

"చెప్పేది నోరు లేదా నీకు?"

"చెప్తే నీ పుస్తకం చింపేస్తావు. నీకు ఆ పుస్తకం లేకపోతే ఏమి ఉంది చెప్పు?"

ఈ మాట దయతోనే అన్నాడని నాకు తెలుసు. అందుకే ఎక్కువ తగిలింది. ఏడాది పాటు నా ప్రతి ఆదివారమూ ఒక ముసలివాడిని సంతోషపెట్టే ఆటగా నడిచింది. ఆ ఆటలో నేను గంభీరంగా క్షణాలు లెక్కపెట్టాను. వారం మధ్యలో అతను డబ్బా ఆడించి బుస్సుమని కొట్టేవాడు.

చెల్లెలు అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉంది. అతని వైపు తిరిగింది. "అన్నా, నువ్వు చేసింది మా అన్నకు. సరే. ఆ పొద్దు నేను అడిగితిని కదా, రంగు నిలస్తాదా అని. నాకు మామిడికాయ ఇస్తివే, అప్పుడన్నా చెప్పకూడదా?" అంది.

అతను ఆమె వైపు చూడలేదు. "కోటు కొట్టి ఇస్తే నిలస్తాది కదమ్మా. ఎవరు దీపం పెట్టి చూస్తారని..." అని ఆపేశాడు. దీపపు కుండ అన్న సంగతి అతనికి అప్పుడే పూర్తిగా తట్టినట్టుంది.

నేను రిజిస్టరు అతని ముందు పెట్టి, పదకొండు నమోదుల పక్కనా ఏ రోజున ఎన్ని కోట్లు కొట్టాడో తన చేత్తో రాయమన్నాను. అతను కలం పట్టుకుని పుటలు తిప్పాడు. తారీఖులు గుర్తులేవన్నాడు. ఏదో ఒక మంగళవారం అని ఒక చోట రాసి, నాకేసి చూశాడు. నేను రిజిస్టరు లాక్కున్నాను.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?"

"వాళ్లింటామె చెప్పింది, పోయిన ఉగాదప్పుడే. మీకు చెప్తే ఆ పొద్దే బట్టీ ఆపేస్తారు. ఆదివారం ఒక దినం మీరు నవ్వతా ఇంటికి వస్తా ఉండారు. దాన్ని చెరిపేది ఎందుకని."

 రెండిళ్లు కలిసి నా సంతోషాన్ని జాగ్రత్తగా కాపాడారు. ఆ సంతోషం అబద్ధమన్న ఒక్క సంగతి తప్ప వారి దగ్గర లోపమేమీ లేదు.

మరుసటి వారం చెల్లెలితో కలిసి కృష్ణగిరి వెళ్లాను. బస్టాండు వెనుక వీధిలో అంగడి. అది మామిడి కాలం. బస్టాండు గేటు ముందు కాయల బుట్టలు దించుతున్నారు. అంగడాయనకు జరిగినదంతా వరుసగా చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు.

"ఇందులో ఏముంది అయ్యా? అందరూ కోటు కొట్టే అమ్ముతారు. రంగు బాగుంది, చాలు" అన్నాడు.

"దీపం పెడితే పొర లేస్తాది."

"దీపం వద్దని చీటీ అంటిద్దాము. షోకుగా పెట్టుకునేదానికి అని."

కోటు కొట్టి అమ్మేది లేదన్నాను. "కోటు లేకపోతే రంగు ఎన్నాళ్లుంటాది?" అని మళ్లీ ఆయనే అడిగాడు. చెల్లెలు నా వైపు చూసింది.

"మూడు నెలలు. తరువాత వెలుస్తాది. గ్యారంటీ లేదు" అన్నాను.

ఆయన రాగి రంగు కుండలు వద్దన్నాడు. తెల్ల పూత, నల్ల బీటలవి అయితే ఇరవై తీసుకుంటానన్నాడు. బీటల్లో పట్టిన పొగ ఎక్కడికీ పోదు, మంటకూ లేవదు. అరవై అనుకున్న చోట ఇరవై. ప్రమిదలకు వానలు రాకముందే మట్టి తొక్కాలి, ఆ సమయం దాటిపోయింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను నా స్నేహితుడి మోసం గురించి మళ్లీ మొదలుపెట్టాను. కొంతసేపు వినింది. తరువాత చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఆయప్ప నీకు అబద్ధం చెప్పినాడు. నాకు చెప్పింది నువ్వు కదన్నా."

"నేను తెలియక చెప్పినాను."

"అది సరే. వారంలో ఆరు దినాలు ఆ కుండలు నువ్వు చూడలా. చూడకుండానే గ్యారంటీ అంటివి. పుస్తకం తెరిచి చదివితివి. నేను తమిళంలో చదువుకున్నదాన్ని, తెలుగు చదివేదానికి రాదు నాకు. నువ్వు ఏది చదివితే అది నమ్మినాను. ఇంగమీద నేను చదివేటట్టు రాయి. నా ఇంట్లో పెట్టి రాయి. నేను కూడా చూస్తాను."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు నా లెక్కను ఎవరూ తనిఖీ చేసి తప్పు పట్టలేదని చెప్పబోయి, ఆ వాక్యం ఎలా ముగుస్తుందో తెలిసి ఊరుకున్నాను.

డ్రమ్మును లారీలో వేయించి బర్గూరు వైపు ఆమె ఇంటి వెనుకకు తరలించాను. స్నేహితుడు లారీకి ఎక్కించడంలో చెయ్యి వేశాడు. నేను వద్దనలేదు, మాట్లాడనూ లేదు. అప్పటి నుండి అతను మూడుసార్లు ఫోను చేశాడు. నేను ఎత్తలేదు.

ఇప్పుడు పట్టకారు ఆమెది, మూత నాది. తెల్ల కుండలు ఇరవై అంగడికి చేరాయి. రాగి పూతవి నాలుగు మాత్రం ఆమె వాకిట్లో, దారిన పోయేవాళ్లందరికీ కనబడే గూట్లో పెట్టాము. నాలుగవ రిజిస్టరు తమిళంలో రాస్తున్నాను. బడిలో నేర్చుకున్న తమిళం. అక్షరాలు గుండ్రంగా, నెమ్మదిగా వస్తున్నాయి. ఆమె పక్కన నిలబడి ప్రతి వరుసా బయటికి చదువుతుంది, తప్పు అక్షరాలు దిద్దుతుంది, చివర తన సంతకం పెడుతుంది. ఆ తరువాతే నేను పెడతాను. పదకొండవ వారంలో మొదటి కుండ భుజం మీద ఎరుపు వెలిసింది. అది ముందుగా ఆమే చూసింది. "రాయన్నా" అంది. రంగు మారింది అని రాశాను.